చుట్టబుట్టల తరగతి: కుట్టు నేర్పారు, మొదలు నేర్పలేదు

పోయిన నెల విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక హస్తకళల కేంద్రంలో రెండు రోజుల పాటు జరిగిన బుట్టల తరగతికి వెళ్లాను. సామగ్రితో కలిపి రుసుము 1,500 రూపాయలు. అక్కడ నేర్పేది అల్లిక కాదు, చుట్టి కుట్టే పద్ధతి. గోగునారను పెన్సిలంత లావు కట్టగా పట్టుకొని, సన్నగా చీల్చిన తాటాకును దానిపై చుడుతూ, దబ్బనంతో ఒక్కొక్క వరుసను ముందటి వరుసకు కుట్టుకుంటూ పోవాలి. కడవ కింది చుట్టకుదురునూ, గడ్డి వెంటితో, అంటే పేనిన గడ్డి తాడుతో, చుట్టిన ధాన్యపు పురినీ ఎరిగిన మన వైపు వారికి ఇందులోని ఊహ కొత్తది కాదు.

నేర్పిన పెద్దావిడ చేతిలో పనితనం ఉంది, మాటలో ఓపిక ఉంది. నా బుట్ట ఒకచోట లావుగా, మరొకచోట పీలగా వస్తుంటే, "నార తరిగిపోయాక చేర్చడం కాదమ్మా, తరగకముందే చేర్చాలి" అంటూ కొత్త పోగులను కట్ట నడుమకు దూర్చి చూపించారు. కొత్త వరుసను పాత వరుస పక్కన కుడితే అడుగు విస్తరిస్తుందనీ, పైన కుడితే గోడ లేస్తుందనీ, ఆ రెంటి మధ్య ఎంత వాలిస్తే అంత వంపు వస్తుందనీ తెలుసుకోవడానికి పట్టిన గంట ఈ తరగతి మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనది. ఆకును మెత్తబడేంత వరకే తడపాలని కూడా ఆవిడ హెచ్చరించారు. భోజనాల వేళ తొట్టిలోనే వదిలేసిన ఆకుతో నేను వేసిన కుట్లు, ఆరి ముడుచుకోగానే వదులయ్యాయి.

అయితే బుట్ట మొదలయ్యే నడిమి చుట్టు మాత్రం అందరికీ ముందే కుట్టి ఇచ్చారు. సమయం మిగులుతుందని కాబోలు. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఇంటికి వచ్చి సొంతంగా మొదలుపెడితే మూడుసార్లు విడిపోయింది. కట్ట కొసను కోసుగా సన్నబరిచి, అంగుళం మేర ఆకు చుట్టి, కొక్కెంలా వంచి, మధ్యలో మిగిలే చిన్న కన్నం గుండా కుట్టు బిగించాలని నాలుగోసారికి గానీ అర్థం కాలేదు. పైగా పూర్తిగా ఆరని బుట్టలను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి పంపించారు. సముద్రపు తేమ ఉన్న ఈ ఊళ్లో ఆ పని చేయకూడదు. వారం తిరగకముందే నా బుట్ట అడుగున బూజు పట్టింది.

అయినా రెండో విడత తరగతిలో చేరాను. ఈసారి మొదటి కుట్టు నుంచీ నా చేతనే వేయిస్తామని మాట తీసుకున్నాకే డబ్బు కట్టాను.