కిర్గిజ్‌స్తాన్‌లో సోంగ్‌కుల్ సరస్సుకు గుర్రపు ట్రెక్ బుక్ చేసుకుంటున్నారా? ఆ ఏజెంట్‌కు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఇవాళ పొద్దున ఆ ఏజెంట్ స్టేటస్‌లో పెట్టిన ఫోటో చూశాక ఊరుకోలేక రాస్తున్నాను. అదే గుర్రం. ముందు ఎడమకాలికి డెక్క పైన తెల్ల పట్టీ, కుడిచెవి కొసన చిన్న చీలిక. అదే జీను, దాని కింద అదే బూడిదరంగు ఫెల్ట్ గుడ్డ. పైన ఎవరో అమ్మాయి చేతులు చాపి నవ్వుతోంది, వెనక పచ్చటి కొండలు. ఆ జీను కింద ఏముందో పాపం ఆ అమ్మాయికి తెలియదు. నాకు తెలుసు. మంగళవారం సాయంత్రం నా కళ్ళతో చూశాను. ఇవాళ శనివారం. నాలుగు రోజుల్లో మానే పుండు కాదది.

పేరు రాయడం లేదు. కిర్గిజ్‌స్తాన్‌లో గుర్రపు ట్రెక్ అని ఎవరు అడిగినా అందరూ ఫార్వర్డ్ చేసే నంబరు ఒకటుంది కదా, అతనే. మీలో చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. నాకూ అలాగే వచ్చింది. వెళ్ళింది నేనూ, మా తమ్ముడూ. మూడు రోజుల ట్రిప్పు: కిజార్ట్ ఊరి నుంచి బయలుదేరి, మొదటి రాత్రి కిలెమ్చే మైదానంలో, రెండోరోజు కొండ దాటి సోంగ్‌కుల్ సరస్సు, మూడోరోజు వెనక్కి. ఇద్దరికీ కలిపి 42,000 సోమ్‌లు (అక్కడి డబ్బు). సగం నెల ముందే పంపాను. మిగతా సగం కిజార్ట్‌లో గుర్రం ఎక్కకముందే చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

బుకింగ్ అప్పుడు అతను అడిగిన ప్రశ్నలు చూసే నేను నమ్మాను. మీ బరువెంత, ఎత్తెంత, ఇంతకుముందు గుర్రం ఎక్కారా, మోకాళ్ళ నొప్పులున్నాయా అని ఒక్కొక్కటీ అడిగాడు. 'మీకు తగిన గుర్రాన్నే చూసి పెడతాను' అన్నాడు. రెండు గుర్రాల ఫోటోలు పంపాడు. ఒళ్ళు నిగనిగలాడుతోంది, జూలు దువ్వినట్టుంది. హెల్మెట్లు ఇస్తామన్నాడు. ఇంగ్లీషు వచ్చిన గైడు మూడు రోజులూ మీతోనే ఉంటాడన్నాడు. ఇన్ని అడిగినవాడు గుర్రాన్ని కూడా ఇంతే శ్రద్ధగా చూసుకుంటాడని అనుకున్నాను.

కిజార్ట్‌లో దిగేసరికి ఫోటోలోని గుర్రాలు లేవు. హెల్మెట్లు లేవు. గైడు అని వచ్చింది పదిహేను, పదహారేళ్ళ పిల్లాడు. సెలవుల్లో పని చేస్తున్నాడు. ఇంగ్లీషు రాదు. వాడి మీద నాకు కోపం లేదు, ఆ సంగతి తర్వాత చెబుతాను. నా ముందుకు తెచ్చిన గుర్రాన్ని చూపించి 'టోరు, టోరు' అన్నాడు. గోధుమ ఎరుపు ఒళ్ళు, నల్ల జూలు ఉన్న గుర్రాన్ని వాళ్ళు అలా అంటారు. అక్కడివాళ్ళు గుర్రాన్ని ఎక్కువగా దాని రంగుతోనే పిలుస్తారు.

నేను రికాబులో కాలు పెట్టగానే టోరు చెవులు రెండూ వెనక్కి మడిచింది. జీనులో కూర్చునేసరికి నడుము ఒక్కసారి కిందికి కుంగింది. కడుపు కింద పట్టీ బిగిస్తుంటే తల వెనక్కి తిప్పి పళ్ళు చూపించింది. మా తమ్ముడు అడిగాడు కూడా: 'అక్కా, దానికి ఎక్కడో నొప్పిగా ఉన్నట్టుంది కదా?' నేను పిల్లాడి వైపు చూశాను. 'నార్మాల్నా' అన్నాడు, అంటే మామూలే అని. అంతే, నేను ముందుకు చూశాను. ఎదురుగా గడ్డి మైదానం, ఆ వెనక కొండలు, ఎప్పటినుంచో రావాలనుకున్న చోటు. గుర్రం మూడుసార్లు చెప్పింది, మా తమ్ముడు ఒకసారి చెప్పాడు. నాకు వినబడలేదు.

దారి ఎంత బాగుందో ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు. బాగుంది. నాలుగు గంటలు నడిచాయి గుర్రాలు. 'చూ' అంటే ముందుకు వెళ్తాయి. టోరు మాత్రం ప్రతి ఎగువ దగ్గరా ఆగి ఊపిరి తీసుకునేది. బద్ధకం అనుకున్నాను. మడమతో తట్టాను కూడా.

సాయంత్రం కిలెమ్చేలో యర్ట్‌ల (అక్కడివాళ్ళ గుండ్రటి గుడారాలు) దగ్గర దిగాం. పిల్లాడు జీనులు విప్పుతున్నాడు. ముందరి కాళ్ళకు బంధం వేసి రాత్రి మేతకు వదులుతారు. తమ్ముడి గుర్రం జీను మామూలుగా వచ్చేసింది. టోరు జీను తీశాక కింద ఫెల్ట్ గుడ్డ రాలేదు. అతుక్కుపోయింది. వాడు మెల్లగా ఒక అంచు నుంచి లాగుతున్నాడు, టోరు చర్మం మెడ నుంచి తోక దాకా అలలుగా వణుకుతోంది. గుడ్డ ఊడి వచ్చేటప్పుడు తడి కాగితం చిరిగినట్టు చిన్న చప్పుడైంది. కింద నా అరచెయ్యి అంత మేర వెంట్రుక లేదు, చర్మం లేదు. మెడ దిగి వీపు మొదలయ్యే ఎముక దగ్గర ఎర్రటి మాంసం, చుట్టూ పసుపుగా చీము కట్టిన అంచు. ఆ పక్కనే పాత పుండ్లు మానిన చోట తెల్ల వెంట్రుకలు, రెండు వైపులా. అంటే ఇది మొదటిసారి కాదు. ఈగలు రావడానికి నిమిషం పట్టలేదు.

గుడ్డ అడుగున కూడా చూశాను. పాత రక్తం ఎండి అట్టలా గట్టిపడింది. దాని మీద ఆ రోజు తడి.

నాలుగు గంటలు నేను ఆ పుండు మీద కూర్చున్నాను. ఇంకేం రాయాలో తెలియడం లేదు ఈ ముక్క గురించి.

యర్ట్‌ల వెనక గుట్ట ఎక్కితే ఒక చోట కొద్దిగా సిగ్నల్ వస్తుంది. అక్కడి నుంచి ఫోటోలు పంపాను, 'ఈ గుర్రాన్ని రేపు ఎవరూ ఎక్కకూడదు, ఇంకో గుర్రం పంపండి, డబ్బు ఎక్కువైతే ఇస్తాను' అని రాశాను. పావుగంట చలిలో నిలబడ్డాక వాయిస్ మెసేజ్ వచ్చింది. దాన్ని పదిసార్లు విన్నాను, అందుకే మాట మాట గుర్తుంది. 'మేడమ్, ఇక్కడ గుర్రాలకు ఇవన్నీ మామూలు. గుర్రమే ఏమీ అనడం లేదు, మీకెందుకు ఇంత బాధ? బరువు తగ్గించుకుని వచ్చి ఉంటే దానికి ఏమీ అయ్యేది కాదు. ఎక్కితే ఎక్కండి, లేకపోతే నడవండి. సీజన్‌లో నాకు ఖాళీ గుర్రం లేదు.' వెనక ఎవరో నవ్వుతున్న చప్పుడు కూడా వినిపించింది.

బరువు. నెల ముందు నా బరువు అడిగి తెలుసుకున్నవాడు, దానికి తగిన గుర్రాన్ని చూస్తానన్నవాడు, ఆ మాటతోనే నన్ను కొట్టాడు. గుర్రం తన బరువులో అయిదో వంతు వరకు మోస్తుందని మామూలు లెక్క. ఆ లెక్కలో నేను ఎక్కువైతే అతను అప్పుడే కాదనాలి. పైగా ఆ పుండు నా ఒక్క రోజు స్వారీతో వచ్చింది కాదు. సరిపోని జీను, ఉతకని గుడ్డ, విశ్రాంతి లేకుండా రోజూ ఎవరో ఒకర్ని మోయించడం, వీటివల్ల వస్తుంది. జీను దించి వారాల పాటు వదిలేస్తే గానీ మానదు. సీజన్ జూన్ నుంచి సెప్టెంబరు దాకానే కాబట్టి ఆ వారాలు అతను ఇవ్వడు. అసలు విషయం ఇదే.

రెండోరోజు టోరు మీద ఎవరమూ ఎక్కలేదు. జీను కూడా వెయ్యనివ్వలేదు. పిల్లాడు దాన్ని పగ్గం పట్టుకుని నడిపించాడు. సామాను తమ్ముడి గుర్రం మీద వేసి మేమిద్దరం కాలినడకన జల్గిజ్ కరగాయ్ కనుమ ఎక్కాం. ఒంటి పైన్ చెట్టు అని ఆ పేరుకు అర్థం. మాకు మాత్రం పైదాకా నీడకు ఒక్క చెట్టు లేదు. 3,300 మీటర్లు దాటాక నాకు తల దిమ్ముగా అయింది, పది అడుగులకోసారి ఆగాను. 'అక్కా, కాసేపు నా గుర్రం ఎక్కు' అంటాడు తమ్ముడు. దాని మీద అప్పటికే సామాను ఉంది. ఎక్కలేకపోయాను. ఆ రోజు ఏ గుర్రం వీపు చూసినా నాకు ఆ గుడ్డే కనిపించింది. దిగువలో వడగళ్ళు పడ్డాయి. గుర్రం మీద నాలుగైదు గంటలు పట్టే దారి మాకు తొమ్మిది గంటలు పట్టింది.

సరస్సు దగ్గర యర్ట్ నడిపే ఆవిడ మా వాలకం చూసి ఏమీ అడగకుండానే పొయ్యి రాజేసింది. 3,016 మీటర్ల ఎత్తు, చుట్టూ ఎక్కడా కలప దొరకదు, పిడకలే కాలుస్తారు. టీ పోసి, నా తడి బూట్లు పొయ్యి పక్కన పెట్టింది. తర్వాత పిల్లాడితో కలిసి వెళ్ళి టోరు వీపు చూసింది. వాడితో గట్టిగా ఏదో అంది. వాడు తల దించుకున్నాడు. తర్వాత ఇద్దరూ గోరువెచ్చని నీళ్ళతో ఆ పుండు కడిగారు. నేను పగ్గం పట్టుకుని నిలబడ్డాను. టోరు తల నా భుజానికి ఆనించింది. నొప్పికో, అలసటకో నాకు తెలియదు. ఆ బరువు ఇంకా నా భుజం మీదే ఉన్నట్టుంది.

పిల్లాడి సంగతి. రాత్రి ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టి మాట్లాడాం. 'పుండు ఉందని ఓనరుకు చెప్పాను. పని కావాలంటే నోరు మూసుకో అన్నాడు' అని రాశాడు. వాడికి వస్తున్న డబ్బు ఎంతో కూడా చెప్పాడు. అది ఇక్కడ రాస్తే వాడి పని పోతుంది. ఈ పోస్టు చదివి ఆ ఏజెంట్‌ను నిలదీసేవాళ్ళు ఉంటే ఒక్కటే బతిమాలుతున్నాను, పిల్లాడి ఊసు ఎత్తకండి.

మూడోరోజు స్వారీ మానుకుని 7,000 సోమ్‌లు పెట్టి కారు మాట్లాడుకుని కల్మక్ అషూ కనుమ మీదుగా కొచ్కోర్ చేరాం. వెళ్ళేముందు టోరుకు మళ్ళీ జీను వెయ్యొద్దని పిల్లాడి దగ్గర మాట తీసుకున్నాను. కిజార్ట్ దాకా ఖాళీగానే నడిపించుకుంటూ తీసుకెళ్ళాడని నమ్ముతున్నాను. ఆ తర్వాత ఏమైందో ఇవాళ్టి ఫోటోలో ఉంది.

డబ్బు అడిగాను. మొత్తం కాదు, ఎక్కని రెండు రోజుల గుర్రం కిరాయి మాత్రమే. 'స్వారీ మీరే మానుకున్నారు కాబట్టి వాపసు లేదు' అని ఒక మెసేజ్. ఫోటో గురించి అడిగితే బ్లాక్ చేశాడు. స్టేటస్ తమ్ముడి ఫోన్‌లో ఇంకా కనిపిస్తోంది. డబ్బు పోతే పోయింది. సంపాదించుకుంటాం.

అక్కడ అందరూ ఇలాంటివాళ్ళు కాదు. కొచ్కోర్‌లో ఊరివాళ్ళే నడుపుకునే టూరిజం ఆఫీసులున్నాయి. సరస్సు దగ్గర కలిసిన ఇంకో గ్రూపు అక్కడే తీసుకున్నారు, వాళ్ళ గుర్రాల వీపులు నేను స్వయంగా చూశాను, శుభ్రంగా ఉన్నాయి. వెళ్ళేవాళ్ళు అక్కడికి వెళ్ళి మాట్లాడుకోండి, మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. హెల్మెట్ కావాలంటే మీదే పట్టుకెళ్ళండి. ఇన్సూరెన్స్‌లో గుర్రపు స్వారీకీ, 3,000 మీటర్ల పైన ఎత్తుకీ కవర్ ఉందో లేదో చదువుకోండి, మా దాంట్లో లేదని తర్వాత చూసుకున్నాం.

ఎక్కేముందు జీనూ, కింద గుడ్డా రెండూ తీయించండి. విసుక్కుంటారు, అయినా తీయించండి. మెడ దిగువ నుంచి నడుము దాకా రెండు వైపులా అరచేత్తో నిమరండి. చేతికి తడి తగిలినా, వేడిగా అనిపించినా, గుర్రం ఉలిక్కిపడినా ఎక్కకండి. వచ్చే వారం కిజార్ట్ నుంచి వెళ్తున్నామని ముగ్గురు నలుగురు రాశారు. ముందు ఎడమకాలికి తెల్ల పట్టీ, కుడిచెవికి చీలిక ఉన్న టోరు మీ ముందుకు వస్తే దయచేసి ఎక్కకండి. ఫోటో తీసి నాకు పంపండి.