రెండు మూడు సంస్కృతుల మధ్య పెరిగినవాళ్లకు ఏ ఎంబీఏ మేలు: ఏడాదిదా, రెండేళ్లదా?

"ఒక దేశంలో పెరిగాను, ఇంకో దేశంలో డిగ్రీ చేశాను, ఉద్యోగం మూడోచోట. ఎంబీఏకి ఈ నేపథ్యం బాగా కలిసొస్తుందంటున్నారు. ఏడాది కోర్సుకి వెళ్లనా, రెండేళ్లదానికా?" దేశాల పేర్లు మారతాయి గానీ నన్ను అడిగేది మాత్రం ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే నయమనిపించింది.

ఏడాది కోర్సులకు ఇన్సియాడ్ అనే బిజినెస్ స్కూలుని, రెండేళ్లవాటికి హార్వర్డ్ బిజినెస్ స్కూలుని నమూనాగా తీసుకుంటాను. మొదటిది 1957లో ఫ్రాన్సులో మొదలైంది. 2000 నుంచి సింగపూర్‌లోనూ క్యాంపస్ ఉంది. కోర్సు పది నెలలు. రెండోది 1908 నాటిది, కేసు పద్ధతికి, అంటే కంపెనీల నిజమైన సమస్యలను తరగతిలో చర్చిస్తూ నేర్చుకునే తీరుకు, పెట్టింది పేరు. మీరు చూస్తున్న స్కూళ్లు వేరే అయినా, ఈ రెంటిలో ఏదో ఒకదాని పోలికలు వాటిలో కనిపిస్తాయి.

డబ్బు లెక్క మీరు ఈపాటికి వేసే ఉంటారు. రెండేళ్లదైతే ఫీజు ఎక్కువ, పోయే జీతమూ ఎక్కువ. ర్యాంకుల గొడవ నాకు పట్టదు, ఈ స్థాయిలో వాటి తేడా మీ జీవితాన్ని మార్చదు.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఒకటే. మీ నేపథ్యానికి ఆ చదువులో రోజూ పని పడుతుందా, లేక అడ్మిషన్ వ్యాసంలో మెరిసి అక్కడితో సరా? "మూడు దేశాల్లో బతికాను కాబట్టి ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతాను" అనే వాక్యం ఆ వ్యాసాలు చదివేవాళ్లకు ఇప్పటికే కంఠతా వచ్చేసి ఉంటుంది. నేపథ్యం ఉండటం వేరు, దాన్ని వాడటం వేరు.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. విలియం మాడక్స్, ఆడమ్ గలిన్‌స్కీ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని కెలాగ్ బిజినెస్ స్కూలు ఎంబీఏ విద్యార్థులకు ఒక పాత చిక్కుముడి ఇచ్చారు. కొవ్వొత్తి, అగ్గిపెట్టె, గుండుపిన్నుల పెట్టె ఉన్న బొమ్మ చూపించి, మైనం కింద పడకుండా కొవ్వొత్తిని గోడకు నిలబెట్టేదెలా అని అడిగారు. పెట్టె ఖాళీ చేసి గోడకు గుచ్చితే అదే స్టాండు అవుతుంది. విదేశంలో నివసించినవాళ్లలో 60 శాతం మందికి ఇది తట్టింది, మిగతావాళ్లలో 42 శాతానికే. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఎంతకాలం నివసించారన్నది లెక్కలోకి వచ్చింది గానీ, విదేశీ పర్యటనల్లో ఎంతకాలం గడిపారన్నది రాలేదు. చాలా రెండేళ్ల కోర్సులు బ్రోషర్లలో గొప్పగా వేసుకునే వారం పది రోజుల విదేశీ ట్రిప్పుల గురించి నాకు పెద్దగా నమ్మకం లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

2014లో మాడక్స్ బృందమే ఇంకో అడుగు వేసింది. పది నెలల అంతర్జాతీయ ఎంబీఏ చదువుతున్నవాళ్లను కోర్సు పొడవునా గమనించింది. ఆ నెలల్లో తోటివాళ్ల సంస్కృతులను పట్టించుకుని నేర్చుకున్నవాళ్ల ఆలోచన, పరస్పరం పొసగని అభిప్రాయాలను కలిపి చూడగలిగేంతగా పదునెక్కింది. చివర్లో ఉద్యోగాల ఆఫర్లూ వాళ్లకే ఎక్కువ వచ్చాయి. అంటే మీ పాస్‌పోర్టులో ఎన్ని ముద్రలున్నాయన్నదానికన్నా, కోర్సు నడిచేటప్పుడు మీరేం చేశారన్నదే పనికొచ్చింది.

ఇక తరగతి గదిలోకి వద్దాం. ఏడాది అంతర్జాతీయ కోర్సుల్లో ఏ ఒక్క దేశం వాళ్లదీ పైచేయిగా ఉండదు. మొదటి నెలల్లో గ్రూపులను స్కూలే వేస్తుంది, అదీ వీలైనంత కలగలిపి. ఎవరితో కూర్చోవాలో మీ ఇష్టం కాదు. నేను చేసిందీ ఇలాంటి కోర్సే. మా ఐదుగురి గ్రూపులో ఒక రాత్రి కంపెనీ కొనుగోలు కేసు మీద లెక్కలు ముగిశాయి. అందరూ సరేనన్నారు. ఒకాయన మాత్రం నోరు తెరవలేదు, తల ఊపాడంతే. ఆ మౌనాన్ని మేం ఒప్పుకోలు కింద జమకట్టేసి ఫైలు పంపించబోతుంటే, రెండు దేశాల మధ్య పెరిగిన ఒకామె "పది నిమిషాలు ఆగుదాం" అంది. ఆయనకు విడిగా మెసేజ్ పెట్టింది. వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారంలో ఇరుక్కుని ఉండే డబ్బు) పెరుగుదలను నగదు ప్రవాహంలోంచి తీసెయ్యలేదని ఆయన గంట కిందటే చూశాడట. ఆ షీటు చేసినవాడు ఎదురుగానే ఉన్నాడు, నలుగురిలో తప్పు పట్టడం ఆయనకు చేతకాదు. సరిచేసిన షీటు వెంటనే వచ్చింది, కంపెనీ విలువ బాగానే తగ్గింది. ఆమె చేసిన ఆ పని ఏ సిలబస్‌లోనూ ఉండదు. కానీ అలాంటి గ్రూపులో ఆ అవసరం వారానికోసారైనా పడుతుంది, ఎవరో ఒకరు చెయ్యాల్సిందే.

హార్వర్డ్ తరహా తరగతిలో పరిస్థితి వేరు. సెక్షన్‌కు తొంభై మందికి అటూ ఇటూగా ఉంటారు, అందులో విదేశీయులు మూడోవంతుకు కాస్త పైన. మాట్లాడే తీరు, చతుర్లు, చేయెత్తే వేగం అన్నీ మెజారిటీవాళ్లవే. మీ ప్రాంతం మీద కేసు వచ్చిన రోజున అందరి తలలూ మీవైపు తిరుగుతాయి. ఆ ప్రాంతాన్ని ఎనిమిదో ఏట వదిలేసినవాళ్లు కూడా ఆ గంటసేపు రాయబారి వేషం కట్టాల్సిందే. మిగతా రోజుల్లో మీ నేపథ్యాన్ని ఎవరూ అడగరు. క్లాసులో మాట్లాడటానికి మార్కుల్లో సగం దాకా పోతుంది కాబట్టి, మెజారిటీవాళ్ల తీరు నేర్చుకోక తప్పదు. అదీ విలువైన విద్యే, కాదనను. ఆ ఒక్క మార్కెట్‌లోనే స్థిరపడాలనుకునేవాళ్లకు దాన్ని మించింది లేదు.

రెండేళ్లదానికి ఇంకో బలం ఉంది, దాన్ని తీసిపారెయ్యలేం. రెండు సంవత్సరాల మధ్య వేసవి ఇంటర్న్‌షిప్. ఇంజనీరింగ్ నుంచి బ్యాంకింగ్‌కో, కన్సల్టింగ్‌కో దూకాలనుకునేవాళ్లకు ఆ పది పన్నెండు వారాలే వంతెన. ఇన్సియాడ్‌లో జనవరిలో చేరినవాళ్లకు వేసవిలో కొంత ఖాళీ దొరుకుతుంది, ఆగస్టులో చేరినవాళ్లకు దొరకదు. దరఖాస్తు చేసేటప్పుడు ఇది చూసుకోనివాళ్లే ఎక్కువ. అమెరికాలో చదివితే, విదేశీ విద్యార్థులకు చదువయ్యాక ఇచ్చే ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు పనిచేసుకోవచ్చు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) గుర్తింపు ఉన్న ఎంబీఏ అయితే ఇంకో 24 నెలలు పొడిగించుకోవచ్చు.

పైగా ఊళ్లు మారుతూ పెరిగినవాళ్లకు ఒక లోటు ఉంటుంది, పైకి చెప్పుకోరు. ఎక్కడా పాత స్నేహితులు మిగలరు. ఒకే సెక్షన్ వాళ్లతో ఏడాదంతా కూర్చుని, ఇంకో ఏడాది అదే ఊళ్లో గడిపితే ఒక చోట వేళ్లు దిగుతాయి. పది నెలల కోర్సులో పేర్లు గుర్తుపెట్టుకునేలోపే పరీక్షలు వచ్చి పడతాయి.

ఇంత చెప్పాక కూడా నా మొగ్గు ఏడాదిదానివైపే. రంగం మార్చే ఆలోచన లేక, ఉన్న అనుభవాన్నే నాలుగు దేశాల జట్టును నడిపే స్థాయికి తీసుకెళ్లాలనుకుంటే ఇక తటపటాయించకండి. రంగం పూర్తిగా మార్చేవాళ్లు మాత్రం నా మొగ్గుని పక్కన పెట్టి రెండేళ్లదానికి వెళ్లండి.

మధ్యేమార్గాలు లేకపోలేదు. అమెరికాలోని వార్టన్ బిజినెస్ స్కూల్లో 1983 నుంచి నడుస్తున్న లాడర్ అనే జంట డిగ్రీలో ఎంబీఏతోపాటు అంతర్జాతీయ అధ్యయనాల్లో ఎంఏ వస్తుంది, ఒక విదేశీ భాష మీద గట్టి పట్టు ఉండాలి. స్విట్జర్లాండ్‌లోని లౌజాన్‌లో ఉన్న ఐఎండీ బిజినెస్ స్కూల్లో తరగతి బాగా చిన్నది, అనుభవం బాగా ఉన్నవాళ్లకు నప్పుతుంది. డిగ్రీ అయిన వెంటనే చదవాలనుకుంటే 1988లో పుట్టిన సెమ్స్ అనే బిజినెస్ స్కూళ్ల కూటమి మాస్టర్స్ చూడండి, అది ఎంబీఏ కాదు. నేపథ్యాన్ని రోజూ వాడుకోవాలన్న ఈ ఒక్క అవసరానికి ఆన్‌లైన్ ఎంబీఏ పనికిరాదు. రాత్రి పదకొండింటికి ఎవరు తల ఊపి ఊరుకున్నారో స్క్రీన్ మీద కనపడదు.

స్కూలు ఏదైనా, అక్కడ చదివినవాళ్లు దొరికితే ప్లేస్‌మెంట్ల కన్నా ముందు గ్రూపుల సంగతి అడగండి. ఎవరు వేస్తారు, ఎన్ని నెలలు కలిపి ఉంచుతారు, పొసగకపోతే మార్చుకోనిస్తారా? వారంలోనే మార్చుకోనిచ్చే చోట, నెల తిరిగేసరికి ఒకే దేశంవాళ్లు ఒకే బల్ల దగ్గర తేలతారు.