హెడర్‌లో అధ్యాయం పేరు: స్టైల్‌రెఫ్‌తో నా అనుభవం

పేజీ పైన హెడర్, కింద ఫుటర్ పెట్టడం రాని వాళ్లు మా హన్మకొండ డీటీపీ షాపుల్లో ఉండరు కాబట్టి ఆ సంగతి వదిలేస్తా. నేను చెప్పేది వర్డ్‌లోని స్టైల్‌రెఫ్ అనే ఒక్క ఫీల్డ్ గురించే. ఫీల్డ్ అంటే మనం కొట్టకుండా వర్డే నింపే రాత; ఇది అధ్యాయం పేరును తెచ్చి హెడర్‌లో చూపిస్తుంది. ఏళ్లుగా థీసిస్‌లు టైప్ చేసి బైండింగ్‌కు పంపే నాకు ఇది చేసినంత మేలు ఇంకేదీ చేయలేదు.

ఇంతకుముందు అధ్యాయానికో సెక్షన్ బ్రేక్ (ఫైల్‌ను భాగాలుగా విడదీసే గుర్తు) వేసి, వెనకటి భాగం హెడర్‌తో ముడిపెట్టే 'లింక్ టు ప్రీవియస్' తీసేసి, హెడర్‌లో పేరు చేత్తో కొట్టేవాళ్లం. ఒక్కచోట లింక్ మిగిలితే వెనకటి అధ్యాయం హెడర్ కూడా మారిపోయేది. అంతా అయ్యాక "అన్నా, మూడో చాప్టర్ పేరు జర మార్చాలె, గైడ్ సారు చెప్పిండు" అని ఫోన్ రానే వస్తుంది. ఇప్పుడు అధ్యాయం పేర్లకు హెడింగ్ 1 స్టైల్ (శీర్షికలకు వర్డ్‌లో ఉండే రెడీమేడ్ రూపం) ఇచ్చి, క్విక్ పార్ట్స్‌లోని ఫీల్డ్‌లో స్టైల్‌రెఫ్ ఎంచుకుని దానికి హెడింగ్ 1 చూపిస్తే చాలు. లోపల పేరు మారిస్తే పైన హెడర్‌లో అదే మారుతుంది. సెక్షన్ల గోలే లేదు.

గోలే లేదన్నాను గానీ, పూర్తిగా పోలేదు. ముందు పేజీలకు రోమన్ అంకెలు, అధ్యాయాలకు మామూలు అంకెలు రావాలంటే మధ్యలో ఒక సెక్షన్ బ్రేక్ ఉండాల్సిందే. మేడారం జాతర మీద పరిశోధన చేసిన ఒక స్కాలర్ ఫైనల్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకుపోయాడు. సర్టిఫికెట్, కృతజ్ఞతలు, విషయసూచిక అయ్యాక ఒక ఖాళీ పేజీ కనిపించిందట, డిలీట్ కొట్టాడు. దాంతో పాటు అక్కడున్న సెక్షన్ బ్రేక్ పోయింది. వర్డ్‌లో సెక్షన్ సెట్టింగులన్నీ దాని చివరి బ్రేక్‌లోనే ఉంటాయి. అది పోతే ముందు పేజీలు తర్వాతి సెక్షన్ హెడర్‌నే తెచ్చుకుంటాయి. రోమన్ అంకెలు పోయి సర్టిఫికెట్ ఒకటో పేజీ అయింది. పైగా స్టైల్‌రెఫ్ మొదట ఆ పేజీలో వెతుకుతుంది, లేకపోతే వెనక్కి, అక్కడా దొరక్కపోతే ముందుకు. అట్లా ఇంకా మొదలుకాని ఒకటో అధ్యాయం పేరు వెతికి తెచ్చి, గైడ్ సారు సంతకం పెట్టాల్సిన పేజీ నెత్తిన పెట్టింది. రేపు సబ్మిషన్, ఇయ్యాల ప్రింటు! ఆ పిల్లగాని టెన్షన్ చూడలేకపోయాను. బ్రేక్ మళ్లీ వేసి, ముందు భాగం హెడర్ ఖాళీ చేసి, అంకెలు సరిచేసేసరికి షాపు మూసే వేళ దాటింది. అప్పటి నుంచి బయటికి పీడీఎఫ్ మాత్రమే ఇస్తున్నా.

తెలుగు థీసిస్‌లతో ఇంకో తలనొప్పి ఉంది. అధ్యాయం పేరు పొడుగ్గా ఉంటే హెడర్ రెండు లైన్లై కింది మ్యాటర్‌ను తోసేస్తుంది. లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' పెట్టి బిగిస్తే 'సమ్మక్క'లో ఒత్తులు తెగుతాయి. అందుకే పేర్లు పొట్టిగా పెట్టమని ముందే బతిమాలుతా. వింటారా, అది వేరే సంగతి.

వైవాకు, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకు, పవర్‌పాయింట్ చేసేటప్పుడు ఈ సుఖం లేదు. అక్కడ ఫుటర్ మొత్తం స్లైడ్ మాస్టర్ (స్లైడ్లన్నిటికీ మూల నమూనా) దయ. లేఅవుట్‌లో ఫుటర్ గడి లేకపోతే 'అప్లై టు ఆల్' నొక్కినా రాదు.

నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా యూనికోడ్‌లో కొట్టే లావు థీసిస్‌లు కాబట్టి నాకు స్టైల్‌రెఫ్ లేకుండా నడవదు. నాలుగు పేజీల రిపోర్టుకైతే పేరు చేత్తో కొట్టేయడమే తొందరగా అవుతుంది.