ముందు ఏఐ, తర్వాత డాక్టర్: ఒక బీపీ పేషెంట్ సమీక్ష

బీపీ కోసం రెండేళ్లకు పైగా ఒక హెల్త్ యాప్ వాడుతున్నాను. పేరు రాయను. ఇలాంటిదే ఇంకొకటి కూడా కొన్నాళ్లు వాడాను, లోపలి అమరిక రెండింటిదీ ఒక్కటే. ముందు చాట్‌బాట్ లక్షణాలు అడుగుతుంది, వాటిని పది లైన్ల నోట్‌గా కుదించి పంపుతుంది, అది చూసుకుని డాక్టర్ వీడియోలోకి వస్తారు. ప్రకటనల్లో ఏఐ గురించి బోలెడు చెబుతారు గానీ, ఇన్నాళ్లుగా చూశాక నాకనిపించేది ఒకటే: యాప్ మంచిచెడ్డలన్నీ ఆ పది లైన్ల దగ్గరే తేలిపోతాయి. అందులోకి రానిది డాక్టర్ అడిగి తెలుసుకుంటే సరే, లేకపోతే మన పని అంతే.

రీడింగుల విషయంలో మాత్రం ఏఐకి పూర్తి మార్కులు. మొదట్లో నా అంకెలు ఎగుడుదిగుడుగా ఉంటే వరసగా అడిగింది: కొలిచే ముందు ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నారా, వీపు ఆనించారా, కాలు మీద కాలు వేసుకున్నారా, పట్టీ కట్టిన చెయ్యి గుండె ఎత్తులో ఉందా అని. క్లినిక్‌లో నన్నెవరూ ఇవి అడగలేదు. మెట్లెక్కి వచ్చి కూర్చోగానే పట్టీ చుట్టేయడమే. క్లినిక్‌లో 140/90 హద్దయితే, ఇంట్లో కొలుచుకునే సగటుకు 135/85 హద్దు. యాప్ గ్రాఫ్‌లో ఆ గీత కూడా ఉంటుంది. డాక్టర్‌కి ఒక్క రోజు అంకె కాకుండా వారాల తరబడి లెక్క వెళ్తుంది, దాంతో డోసు నిర్ణయం తేలికవుతుంది.

మందుల విభాగం కూడా బాగుంది. మోకాలి నొప్పికి ఐబుప్రోఫెన్ వేసుకోవచ్చా అని ఒక అర్ధరాత్రి టైప్ చేస్తే, అది బీపీ పెంచవచ్చు, మీ మాత్రతో కలిస్తే కిడ్నీల మీద భారం పడవచ్చు, డాక్టర్‌తో మాట్లాడేదాకా ఆగండి అని చెప్పింది. ఆ వేళప్పుడు ఏ డాక్టర్ని లేపుతాం?

ఇక దగ్గు కథ. వారాల తరబడి పొడి దగ్గు, కఫం లేదు, జ్వరం లేదు. చాట్‌బాట్ ఓపిగ్గా అన్నీ అడిగింది: ఆయాసం, బరువు తగ్గడం, పొగతాగే అలవాటు, ఎలర్జీ. నోట్ శుభ్రంగా తయారైంది. మొదటి డాక్టర్ ఆ నోట్ చూసి సిరప్ రాసి కాల్ ముగించారు. తగ్గక మళ్లీ బుక్ చేస్తే ఈసారి వేరే డాక్టర్ గారు వచ్చారు. నోట్ చదివి, "అది సరేనండీ, బీపీకి ఏం వాడుతున్నారు?" అన్నారు. ఎనలాప్రిల్ అన్నాను. "అయితే ముందు దాన్ని మార్చి చూద్దాం."

ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మందులు అడ్డుకునే ఎంజైమే శరీరంలో బ్రాడీకినిన్ అనే పదార్థాన్ని విడగొడుతుంది. అది పేరుకుపోతే కొందరికి ఇలాంటి దగ్గు వస్తుందట. టెల్మిసార్టన్‌కి మారాక కొన్ని వారాల్లో దగ్గు పోయింది. నా మాత్ర పేరు మందుల విభాగంలో మొదటి రోజు నుంచీ ఉంది. లక్షణాల చాట్‌కి మాత్రం అది తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ మాటల్లేని అన్నదమ్ముల్లా ఉన్నాయి ఆ రెండూ. ఫిర్యాదు రాశాను. తర్వాతి అప్‌డేట్ల నుంచి, దగ్గు అనగానే ముందు మందుల జాబితా తెస్తోంది. ఈ మార్పు నాకు నచ్చింది.

మొదటి డాక్టర్‌ని తిట్టబుద్ధి కాదు. నోట్ అంత నీట్‌గా ఉంటే ఎవరైనా దాన్నే నమ్ముతారు. 2025లో పోలండ్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. కొలనోస్కోపీలో, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే పరీక్షలో, డాక్టర్లు ఏఐ సాయానికి అలవాటుపడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో అడినోమాలు (ముందుముందు క్యాన్సర్‌గా మారే వీలున్న చిన్న గడ్డలు) కనిపెట్టే రేటు 28.4 శాతం నుంచి 22.4కి పడిపోయింది. స్క్రీన్ మీద చూసే డాక్టర్లకు ఈ ముప్పు లేదనుకోను.

ఏఐని ఒంటరిగా వదలకూడదని కూడా నేననను. డయాబెటిస్ వల్ల కంటి లోపలి రెటీనా పొర దెబ్బతిన్నదా అని ఫొటో చూసి తేల్చే ఐడీఎక్స్-డీఆర్ అనే ఏఐకి, మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే అనుమతిచ్చింది, ఆ ఫొటోను డాక్టర్ చదవనక్కర్లేదు. అక్కడున్నది ఒకే ఫొటో, ఒకే ప్రశ్న. నా దగ్గుకి ఏ ప్రశ్న అడగాలన్నదే ప్రశ్న.

నాకు ఒళ్లు మండేది మాత్రం 'డాక్టర్ పరిశీలించినది' అన్న పచ్చ టిక్కు. చాట్ సమాధానాల కింద కనిపిస్తుంది. నా సమాధానాన్ని ఎవరు చూశారని సపోర్ట్‌ని అడిగితే, ఆ రకం సమాధానాల నమూనాలను డాక్టర్లు ఆమోదించారని జవాబు వచ్చింది. అంటే నాది ఎవరూ చూడలేదు. అది తీసేయాలి, లేదా ఉన్నదున్నట్టు రాయాలి.

కొత్తగా చేరేవాళ్లకు ఒక మాట: రికార్డులు పీడీఎఫ్‌గా దింపుకునే వీలుందో లేదో ముందే చూసుకోండి. 2013లో మొదలై, చాట్‌బాట్‌తో పాటు డాక్టర్లనూ పెట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న బ్రిటన్ కంపెనీ బాబిలాన్ హెల్త్ 2023లో కుప్పకూలింది. నా యాప్‌లో రీడింగులు దిగుతాయి, చాట్ నోట్లు దిగవు. వాటిని స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుంటున్నాను.

చందా కొనసాగిస్తున్నాను, ఏడాదికి ఒకేసారి కాకుండా నెలనెలా కట్టే పద్ధతిలో. ఆ రెండో డాక్టర్ గారికి స్లాట్ దొరికినన్నాళ్లూ ఉంటాను.