కాచిగూడ స్టేషన్: లోపల హాయి, బయట తిప్పలు

హైదరాబాద్ నుంచి బెంగళూరు, తిరుపతి, కర్నూలు వైపు వెళ్లే వాళ్లకి సికింద్రాబాద్ కన్నా కాచిగూడే నయం. సికింద్రాబాద్‌లో పది ప్లాట్‌ఫారాలు. పాత భవనం కూల్చేసి కొత్తది కడుతున్న హడావిడిలో ఏ దారి తెరిచి ఉందో, ఏది మూశారో అక్కడికెళ్తే గానీ తెలియదు. కాచిగూడలో ఉన్నవి ఐదే ప్లాట్‌ఫారాలు. పెద్ద భవనం దాటితే నేరుగా ఒకటో నంబరు మీదే ఉంటారు. బండి ఒకటో నంబరు మీదికొస్తే పెద్దవాళ్లని మెట్లు ఎక్కించే పనే లేదు. మిగతా వాటికి మాత్రం వంతెన ఎక్కి దిగాలి. బండి టైముకి పావుగంట ముందు జనమంతా లిఫ్టు దగ్గరే ఉంటారు కాబట్టి పెద్ద పెట్టెలున్నవాళ్లు అరగంట ముందే అవతలికి చేరిపోవడం మంచిది.

అన్నిటికన్నా ముందు టికెట్ మీది స్టేషన్ కోడ్ చూడండి. కేసీజీ అంటే కాచిగూడ, ఎస్‌సీ సికింద్రాబాద్, హెచ్‌వైబీ నాంపల్లి, సీహెచ్‌జెడ్ చర్లపల్లి. ఊరి పేరు కొట్టి వెతికితే యాప్‌లో ఇవన్నీ కలిసే వస్తాయి, పొరపాటు అక్కడే జరుగుతుంది. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచాక ఈ గందరగోళం ఇంకా పెరిగింది. ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ అక్కడికి మారింది. జన్మభూమి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్, బేగంపేట రెండూ వదిలేసి చర్లపల్లి, అమ్ముగూడ, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి వెళ్తోంది. బోర్డింగ్ పాయింట్ మార్చుకోవాలంటే ముందే మార్చుకోవాలి. ఒకసారి మార్చాక పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు పోతుంది. ఇది తెలియక టీటీఈతో గొడవ పెట్టుకునేవాళ్లు చాలామందే.

ఇక్కడి నుంచి బయల్దేరే వాటిలో ఎక్కువ గిరాకీ ఉన్నది బెంగళూరులోని యశ్వంత్‌పూర్ వెళ్లే వందే భారత్. 2023 సెప్టెంబరు 24న మొదలైంది. మొదట 8 బోగీలు, 2025లో 16 చేశారు. తెల్లారకముందే, ఐదున్నర ఆరు మధ్య బయల్దేరి మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో యశ్వంత్‌పూర్ చేరుతుంది. మధ్యలో మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం, ధర్మవరం లాంటి చోట్ల ఆగుతుంది. ఆరొందల పై చిలుకు కిలోమీటర్లకి ఎనిమిదిన్నర గంటలు. పేరుకి తగ్గ వేగం కాదు. తప్పు బండిది కాదు, లైనుది. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా డబుల్ లైను పూర్తయింది, అక్కణ్ణుంచి డోన్ దాకా ఒంటి పట్టా. ఎదురొచ్చే బండికి దారివ్వాలంటే ఏదో ఒక చిన్న స్టేషన్‌లో ఎవరో ఒకరు ఆగాల్సిందే. వందే భారత్‌కి ముందు దారిస్తారు కాబట్టి దానికి పెద్దగా దెబ్బ ఉండదు గానీ, రాత్రి ఎక్స్‌ప్రెస్‌లు ఆలస్యమైతే చాలావరకు ఈ ముక్కలోనే. మహబూబ్‌నగర్ దాకా టైముకి నడిచిన బండి కర్నూలుకి అరగంట వెనకబడిందంటే అర్థం ఇదే. డబ్లింగ్‌కి 2023లో అనుమతి వచ్చింది.

చైర్ కార్ టికెట్ తిండితో కలిపి పదహారు వందల చుట్టుపక్కల ఉంటుంది. బుక్ చేసేటప్పుడే తిండి వద్దనుకుంటే ఆ మేరకు తగ్గుతుంది. వద్దని చెప్పి బండిలో కొనుక్కుంటే ఎక్కువే పడుతుంది, అదీ మిగిలి ఉంటేనే. చైర్ కార్‌లో వరుసకి ఐదు సీట్లు, సగం సీట్లు వెనక్కి తిరిగి ఉంటాయి. సీట్లు తిరిగే సౌకర్యం ఎగ్జిక్యూటివ్‌లోనే. కళ్లు తిరిగే అలవాటున్నవాళ్లు ఈ సంగతి ముందే గమనించుకోవాలి. ఇంకొకటి, దిగబెట్టడానికి వచ్చినవాళ్లు లోపలికెక్కి సామాను సర్దబోతే తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. మళ్లీ తెరుచుకునేది మహబూబ్‌నగర్‌లోనే. వందే భారత్ కొత్తగా వచ్చిన ప్రతి చోటా ఎవరో ఒకరు ఇలా అనుకోని యాత్ర చేసి, ఆపైన జరిమానా కట్టి వస్తూనే ఉన్నారు. వారంలో ఒక రోజు ఈ బండి ఉండదు, అది ఏ రోజో బుకింగ్ తెర మీద చూసుకోండి. యశ్వంత్‌పూర్‌లో దిగాక పక్కనే మెట్రో ఉంది, అది పెద్ద సుఖం.

అసలు లోటు మన వైపే. ఈ బండి బయల్దేరే సమయానికి హైదరాబాద్ మెట్రో మొదలే కాదు. తిరుగు ప్రయాణంలో రాత్రి పదకొండు దాటాక దిగేసరికి మెట్రో కథ ముగిసి ఉంటుంది. పైగా కాచిగూడకి ఆనుకుని మెట్రో స్టేషనే లేదు. సుల్తాన్ బజార్, నారాయణగూడ, మలక్‌పేట మూడూ రెండు కిలోమీటర్ల అటూఇటూ. సామానుతో ఆటో తప్పదు. అంటే నగరంలో అందరూ ఎక్కాలనుకునే బండికి రెండు పూటలా సొంత బండో క్యాబో ఉన్నవాడిదే రాజ్యం.

సాయంత్రం బండ్లకి ఇంకో చిక్కు. ఏడింటి ప్రాంతంలో మైసూరు ఎక్స్‌ప్రెస్, ఎనిమిదింటికి కాస్త అటూఇటూగా వెంకటాద్రి, తొమ్మిది దాటాక యశ్వంత్‌పూర్ ఎక్స్‌ప్రెస్. ఈ మూడింటి జనం రోడ్డు మీద ఉండే వేళే ఆఫీసుల జనమూ ఇళ్లకి పోయే వేళ. బర్కత్‌పురా, టూరిస్ట్ హోటల్ చౌరస్తా, నింబోలిఅడ్డా, ఎటునుంచి వచ్చినా ఇరుకే. మ్యాప్ పదిహేను నిమిషాలంటే అరగంట వేసుకోండి. వాన పడితే ఆ లెక్క కూడా వదిలేయండి. చివరి అర కిలోమీటరు కదలకపోతే క్యాబ్‌లో కూర్చుని పళ్లు కొరుక్కోవడం కన్నా దిగి నడిచిపోవడమే తెలివి.

ఈ రోడ్డు బాధ తప్పించుకునే దారి ఎంఎంటీఎస్, అంటే నగరంలో తిరిగే లోకల్ రైలు. హైటెక్ సిటీ, బేగంపేట వైపు వాళ్లు ఫలక్‌నుమా వెళ్లే బండి ఎక్కితే నేరుగా కాచిగూడ ప్లాట్‌ఫారం మీదే దిగొచ్చు. సికింద్రాబాద్ దాటాక సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా, విద్యానగర్, ఆ తర్వాత కాచిగూడ. ఖర్చు ఆటో మీటరు కదలడానికి అయ్యేంత కూడా కాదు. కానీ మూడు సంగతులు చూసుకోవాలి. లింగంపల్లిలో ఎక్కేటప్పుడు బోర్డు మీద ఫలక్‌నుమా అని ఉందో లేదో చూడండి, కొన్ని నాంపల్లి వెళ్లిపోతాయి, కొన్ని సికింద్రాబాద్‌తో ఆగిపోతాయి. ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి ఎంఎంటీఎస్‌ని నిలబెడతారు, కాబట్టి మీ బండికి కనీసం గంట ముందు చేరే బండే ఎంచుకోండి. ఆదివారాలు సర్వీసులు పలచగా ఉంటాయి. రిజర్వేషన్ టికెట్ దీనికి చెల్లదు, వేరేగా కొనాలి. ఫోన్‌లో కొనేవాళ్లు స్టేషన్ ఆవరణలోకి అడుగుపెట్టక ముందే కొనాలి. లోపలికొచ్చాక కాగితం లేని టికెట్ ఇవ్వదు యాప్, గోడ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సి వస్తుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వాళ్లకి మెట్రోలో మలక్‌పేట దిగడం నయం. దగ్గర్లోనే మలక్‌పేట రైల్వే స్టేషన్, అక్కణ్ణుంచి ఒక్క స్టాపు. వేళ కుదరకపోతే ఆటో ఎలాగూ ఉంది.

అల్వాల్, బొల్లారం, మల్కాజిగిరి వైపు వాళ్లకి ఒక మాట. కాచిగూడ నుంచి నిజామాబాద్ వైపు పోయే నాగర్‌సోల్, నర్ఖేడ్ లాంటి బండ్లు సికింద్రాబాద్ తొక్కకుండా మల్కాజిగిరి మీదుగా పోతాయి. అక్కడ ఆగే బండి అయితే కాచిగూడ దాకా రావడం దండగ.

భవనం గురించి చెప్పకపోతే అన్యాయం. 1916లో నిజాం కాలంలో కట్టింది, నిజాం రైల్వేకి కేంద్రంగా ఉండేది. నడుమ పెద్ద గుమ్మటం, పక్కన చిన్నవి, మూలల్లో మినార్లు. పరదా పాటించే ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా రైలెక్కడానికి అప్పట్లో గోడలు కట్టిన దారులుండేవి. లోపలే చిన్న రైల్వే మ్యూజియం ఉంది, బండి ఆలస్యమైతే పిల్లల్ని తిప్పడానికి పనికొస్తుంది.

తిండి విషయంలో స్టేషన్ లోపల పెద్దగా ఆశలు పెట్టుకోవద్దు. టైముంటే బయటికొచ్చి టూరిస్ట్ హోటల్ వైపు నడవండి. నీళ్ల సీసా దగ్గర మాత్రం మొహమాటం వద్దు. లీటరు రైల్ నీర్ ధర 2025 సెప్టెంబరు 22 నుంచి 14 రూపాయలు, అర లీటరు 9. చిల్లర లేదంటూ 20 పట్టుకుంటే బిల్లు అడగండి, ఆ మాటకే సగం మంది దిగొస్తారు. లేదంటే రైల్వే హెల్ప్‌లైన్ 139. సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టాలంటే పెట్టెకి తాళం ఉండాలి, టికెట్ చూపాలి. జిప్పు బ్యాగు తెచ్చేవాళ్లు చిన్న తాళం కప్ప ఇంట్లోంచే తెచ్చుకోండి.