లైనింగ్ లేని కోటు కోసం మూడు ఊళ్ళు

నా పెళ్ళికి కుట్టించిన నల్ల సూటు నాకింకా సరిపోతోంది. నా కష్టమంతా అదే. సరిపోతోంది కాబట్టి మా ఆవిడ ప్రతి శుభకార్యానికీ అదే బయటికి తీస్తుంది. పోయినేడు ఒక గృహప్రవేశంలో బంతి దగ్గరికి వెళ్ళేసరికే కోటు విప్పి చేతిమీద వేసుకున్నాను. సాయంత్రం దాకా దాన్ని చంటిపిల్లాడిలా మోశాను. ఈ చైత్రంలో రాజమండ్రిలో మా బావమరిది పెళ్ళి, ముహూర్తం పగలు పదకొండున్నరకి. మనకి వసంతం అంటే ఉగాది పచ్చడిలో వేపపువ్వు వరకే, మర్నాటి నుంచీ ఎండాకాలం.

కోటు బరువంతా బట్టలో ఉండదు. లోపల కుట్టిన క్యాన్వాస్, భుజాల ప్యాడ్లు, పాలిస్టర్ లైనింగ్ కలిసి మనిషిని ఉడకబెడతాయి. 1930లలో ఇటలీలోని నేపుల్స్‌లో విన్చెంజో అత్తోలినీ అనే కట్టరు, అంటే కొలతకి బట్ట కత్తిరించే దర్జీ, వీటిలో చాలా భాగం తీసేసి, చొక్కాలా ఒంటిమీద పడే కోటు కుట్టాడు. వాళ్ళకీ ఎండలే మరి. నాకూ అలాంటిదే కావాలి. కాలరూ, ఛాతీ మీదికి మడిచే లాపెలూ పాత పద్ధతిలోనే ఉండాలి, లోపల ఏమీ ఉండకూడదు, జేబులు పైకి కుట్టినవి చాలు, టై అక్కర్లేదు. బట్ట మాత్రం మన మగ్గాలదే కావాలనిపించి మార్చి మొదటివారంలో బయల్దేరాను.

ముందు భూదాన్ పోచంపల్లి. హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు, బస అక్కర్లేదు. 1951లో వినోబా భావేకి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చిన ఊరు కదా, బోర్డులన్నీ అదే చెబుతాయి. దారిలోనే ఒక దుకాణంవాడు "చేతి ఇక్కత్ సార్" అని గడుల బట్ట పరిచాడు. తిరగేసి చూస్తే వెనకవైపు తెల్లగా పాలిపోయి ఉంది. ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి ముందూ వెనకా ఒకేలా కనబడాలి. ఇది అచ్చు వేసిన బట్ట. ఊళ్ళోకి వెళ్ళి ఒక నేతగాడి ఇంట్లో నీలం, తెలుపు గళ్ళ ముక్క ఒక మీటరున్నర తీసుకున్నాను. కోటంతా ఇక్కత్‌తో కుట్టిస్తే బ్యాండుమేళంవాడిలా ఉంటాను. ఇది జేబురుమాళ్ళకీ, ఒక పొట్టిచేతుల చొక్కాకీ చాలు.

మంగళగిరికి విజయవాడలో దిగి వెళ్ళాను. బస్టాండు దగ్గరి హోటల్ గది శుభ్రంగానే ఉంది, నీళ్ళు వేడిగా వచ్చాయి, పొద్దున పెసరట్టు బాగుంది. ఇంతకు మించి ఆ హోటల్ గురించి చెప్పడానికేమీ లేదు, మంచి హోటలంటే అదే. మంగళగిరి గుంట మగ్గాల మీద ఎనభయ్యో నంబరు సన్న నూలుతో నేసే బట్ట చొక్కాకి పుట్టిందే. నున్నగా ఉంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. చిక్కల్లా నిజాం అంచుతోనే. ఆ జరీ గోపురాలు చీరకి అందం, మగాడి చొక్కా అంచున ఉంటే నాటకం దుస్తుల్లా ఉంటుంది. నేత ఇంటాయన నవ్వి, "అంచు కోసేసి కాలర్ లోపలి పట్టీకి వేయించండి సార్, మెడ తిప్పినప్పుడు మాత్రం మెరుస్తుంది" అన్నాడు. అరవై ఏళ్ళ మనిషి, పంచె మీద బనీను, నాకు ఫ్యాషన్ నేర్పాడు. లేత ఆకుపచ్చ మూడు మీటర్లు కొని, పానకాలస్వామికి పానకం పోయించి బయటపడ్డాను. సగం తాగి సగం మిగిల్చే దేవుడు, నాకన్నా మితభోజి.

ఇక పొందూరు. సౌకర్యాలకి మార్కులేస్తే అన్నిటికన్నా అడుగున ఉండేది ఇదే. నా రైలు అక్కడ ఆగదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, అంటే ఆమదాలవలసలో దిగాను. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకే రోజులని తెలియక వెళ్ళాను, శ్రీకాకుళంలో లాడ్జీలన్నీ నిండిపోయాయి. నాలుగో చోట దొరికిన గదిలో ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు. పొద్దున బకెట్ వేడినీళ్ళకి క్యూ. పొందూరులో నేను వెళ్ళిన దుకాణం భోజనానికి మూసి, మళ్ళీ తెరవడానికి రెండు గంటలు పట్టింది. కార్డు తీసుకోరు.

ఆ రెండు గంటల్లోనే అసలైంది చూశాను. పక్కవీధిలో అరుగు మీద ఒక పెద్దావిడ కొండపత్తి ముందేసుకుని కూర్చుంది. చేతిలో వాలుగ చేప దవడ, చిన్న పుల్లకి కట్టి ఉంది. ఆ సన్నటి పళ్ళతో పత్తి దువ్వుతుంటే నలుసూ నుసీ రాలి, పీచు చంటిపాప జుట్టులా సర్దుకుంటోంది. తర్వాత ఏకులు చేసి, ఎండిన అరటిబోదె పొరలో చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద వడుకుతారు. అలా వందో నంబరు నూలు వస్తుంది. గాంధీగారు ఈ ఖద్దరు సంగతి చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ని పంపిన ఊరిది. "కోటు కుట్టించుకోడానికొచ్చానమ్మా" అన్నాను. ఆవిడ రాట్నం ఆపింది. "ఇంత పల్చటి బట్టతో కోటేటి బాబూ! పంచెకి తీసుకో, కోటుకి లావు నూలుది అడుగు."

నిజమే. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, భుజం మీద నిలవదు. దుకాణం తెరిచాక కోటుకి తక్కువ నంబరు ఖద్దరు, పాలమీగడ రంగుది తీసుకున్నాను. వందో నంబరుది మీటరు ధర విని గుటక మింగాను, అయినా ఒక చొక్కాకి సరిపడా కోయించాను. ఆ ముక్క మడిస్తే గుప్పిట్లో పట్టింది.

హైదరాబాద్ వచ్చి మా వీధి టైలర్‌కిస్తే మొహం మాడ్చాడు. "లైనింగ్ లేకుంటే లోపలి కుట్లన్నీ కనిపిస్తయి సార్. ప్రతి కుట్టుకీ పట్టీ తిప్పాలె. మామూలు కోటు కన్నా పనెక్కువ." కూలీ కూడా ఎక్కువే అడిగాడు, ఇవ్వక తప్పలేదు. బట్టని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేసి తెమ్మన్నాడు. నేను బద్ధకించి గంటసేపు ముంచి ఇచ్చేశాను. ట్రయల్లో బాగానే ఉంది, ఇంట్లో ఒకసారి ఉతికాక చేతులు ముప్పావు అంగుళం పైకి పోయాయి. చివర లోపలికి మడిచిన బట్ట ఉండబట్టి సరిపోయింది. తప్పు నాదే, ఆయన చెబుతూనే ఉన్నాడు.

నిన్న రాత్రి వేసుకుని చూశాను. లోపల మంగళగిరి చొక్కా, కింద కుచ్చు పెట్టిన వదులు ప్యాంటు, సాక్సు లేకుండా లోఫర్లు. మోచేతుల దగ్గర అప్పుడే ముడతలు పడ్డాయి. ఇస్త్రీ చేయించాలా అని అడిగితే మా ఆవిడ కాసేపు చూసి వద్దంది. తర్వాత వంటింటి త్రాసు మీద రెండు కోట్లూ తూచాను. నల్లది పదకొండు వందల గ్రాములు, ఇది నాలుగు వందల ఇరవై.