మైండ్ ద గేమ్: మొదట్నుంచీ వింటున్నవాడి మాట

ముందే చెప్పేస్తాను. కోర్టులో దిగి కాస్తో కూస్తో బాస్కెట్‌బాల్ ఆడినవాళ్లకి ‘మైండ్ ద గేమ్’ని మించిన పాడ్‌కాస్ట్ నాకింతవరకు తగల్లేదు. స్కోరు చూసుకుని సంబరపడేవాళ్లకైతే రెండో ఎపిసోడ్‌కే కునుకు పట్టేస్తుంది. రెండింటికీ కారణం ఒకటే. ఇందులో కబుర్లు తక్కువ, ఆట ఎక్కువ.

2024 మార్చిలో ఇది మొదలయ్యేసరికి, దీన్ని నడిపే లెబ్రాన్ జేమ్స్ ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, 21వ సీజన్ ఆడుతున్నాడు. ఆ నెల మొదట్లోనే 40,000 పాయింట్లు దాటాడు, అంతకుముందు ఎవరూ దాటలేదు. ఎదురు కుర్చీలో జేజే రెడిక్, 15 సీజన్లు ఆడి 2021లో రిటైరైన షూటర్. మధ్యలో బల్ల మీద వైన్ గ్లాసులు. మా మేనల్లుడు మొదటిసారి యూట్యూబ్‌లో చూసి “ఏటి మావయ్యా, మందు కొడతా పాఠాలు సెప్తన్నారు ఈళ్లు!” అన్నాడు. వాడి మాట నిజమే గానీ, ఆ పాఠాలు మాత్రం మత్తులో చెప్పినవి కావు.

పిక్ అండ్ రోల్ సంగతే తీసుకోండి. పొడుగు ఆటగాడు వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే డిఫెండరుకి అడ్డంగా నిలబడతాడు, బంతి ఉన్నవాడు అతని భుజం రాసుకుంటూ దూసుకుపోతాడు. ఇంతవరకు మన పీఈటీ మాస్టార్లూ చెప్తారు. వీళ్లు మొదలెట్టేదే అక్కణ్నుంచి. స్క్రీన్ పెట్టినవాణ్ని కాసే డిఫెండరు వెనక్కి తగ్గి రింగు దగ్గర ఆగిపోతే ఏం చెయ్యాలి? డిఫెండర్లు మనుషుల్ని మార్చుకుంటే? ఇద్దరూ కలిసి బంతి ఉన్నవాడి మీద పడితే? ఈ మూడోది నాకు బాగా పట్టింది. ఇద్దరు మీద పడ్డారంటే మిగతా చోట మనవాళ్లు నలుగురు, కాసేవాళ్లు ముగ్గురే. ఫ్రీత్రో గీత దగ్గరికి ఒక్క చిన్న పాస్ పడితే చాలు, లెక్క మనవైపు తిరిగిపోతుంది. ఆ పాస్ అందుకున్నవాడు ముందు చూడాల్సింది రింగుని కాదు, అవతలి కార్నర్ నుంచి రింగు కిందికి సాయం వచ్చే డిఫెండర్ని. వాడు కదిలాడా, కార్నర్ ఖాళీ. కదల్లేదా, రింగు ఖాళీ.

మా మేనల్లుడు శ్రీకాకుళంలో కాలేజీ టీముకి ఆడతాడు, పొడుగువాడు కాబట్టి పోస్టులోనే, అంటే రింగు దగ్గరే, నిలబెడతారు. ఇంతకు ముందు బంతి చేతికొస్తే చాలు, తల దించుకుని రింగు మీదికి పోయేవాడు. ఈమధ్య వాళ్ల మ్యాచ్‌కి వెళ్తే ఫ్రీత్రో గీత మీద బంతి పట్టి, ఒక్క డ్రిబుల్ కూడా వెయ్యకుండా, కళ్లు ఎడమకి తిప్పి కుడి కార్నర్‌కి కొట్టాడు. కార్నర్‌లో ఉన్న కుర్రాడికి షాట్ లేదు, అది వేరే కథ.

అయితే విన్నదంతా ఉన్నపళంగా మన సిమెంటు కోర్టు మీద దింపేద్దామంటే కుదరదు. మనం ఆడేది ఫీబా, అంటే అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, రూల్స్‌తో. ఎన్‌బీఏలో డిఫెండరు ఎవర్నీ కాయకుండా పెయింటులో (రింగు ముందుండే గీతల చతురస్రంలో) మూడు సెకన్లకి మించి ఉండకూడదు. ఫీబాలో ఆ అడ్డు లేదు. మన జిల్లా పోటీల్లో అవతలి టీము పొడుగువాడు మ్యాచ్ అంతా రింగు కిందే కాపురం పెట్టేది అందుకే. త్రీ పాయింట్ గీత కూడా ఎన్‌బీఏలో 7.24 మీటర్లు, ఫీబాలో 6.75. అక్కడ మనుషులు దూరదూరంగా నిలబడి చేసుకునే ఖాళీ మనకి అంత దొరకదు. లెబ్రాన్ “ఇక్కడ దారి తెరుచుకుంటుంది” అన్న ధోరణిలో చెప్తుంటే, మన దగ్గర ఆ దారిలో ఇంకో మనిషి నిలబడి ఉంటాడు. కోచింగ్ ఇచ్చేవాళ్లు ఇది గుర్తు పెట్టుకుని వాడుకోవాలి.

ఇక వినడం సంగతి. నేనుండేది ఆమదాలవలసలో, ఉద్యోగం విజయనగరంలో. రైల్లో ఆడియో పెట్టుకుని చూశాను గానీ, ఈ పాడ్‌కాస్ట్‌కి వట్టి చెవులు చాలవు. ఎవరు ఎటు కదిలారో బొమ్మ చూస్తేనే మాట అర్థమవుతుంది. పైగా చీపురుపల్లికి అటూ ఇటూ సిగ్నల్ దాగుడుమూతలు. రాత్రే వీడియో డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే పొద్దున రైల్లో సుఖం. లెబ్రాన్ ఇంగ్లిష్ మొదట్లో వేగంగా అనిపిస్తుంది, సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది.

మొదటి సీజన్ నడిచాక ఉన్నట్టుండి తమాషా జరిగింది. 2024 జూన్‌లో, అప్పుడు లెబ్రాన్ ఆడుతున్న టీము లేకర్స్ వాళ్లు రెడిక్‌నే తమ హెడ్ కోచ్‌గా పెట్టుకున్నారు. మొన్నటిదాకా పక్కన కూర్చుని ప్రశ్నలడిగినవాడు లెబ్రాన్‌కి కోచ్ అయిపోయాడు! ఇంక ఇద్దరూ కెమెరా ముందు తమ ఎత్తులన్నీ విప్పి చెప్పుకోలేరు కదా. షో ఆగిపోయింది. 2025లో, రెడిక్ కుర్చీలో రిటైరైన ఆటగాడు స్టీవ్ నాష్‌తో మళ్లీ మొదలైంది.

నాష్ ఆట గురించి చెప్పక్కర్లేదు. 2005, 2006లో వరసగా ఎంవీపీ, అంటే లీగ్‌లో ఆ సీజన్ మేటి ఆటగాడి బహుమతి. డ్రిబుల్ ఆపకుండా రింగు కిందనుంచి దూరి అవతలివైపు బయటికొచ్చే విద్యకి ఆయన పేరే పెట్టారు. అయినా నా ఓటు రెడిక్ సీజన్‌కే. రెడిక్ బంతి లేకుండా పరిగెత్తి బతికిన ఆటగాడు, లెబ్రాన్ బంతి చేతిలో పెట్టుకుని ఆటంతా నడిపేవాడు. ఒకరికి కనపడేది ఇంకొకరికి కనపడదు కాబట్టి అడగడానికి సరుకుండేది. “ఆ పాస్ ఎప్పుడు చూశావు, నేను కదలకముందా, కదిలాకా?” అన్న తరహాలో పట్టి పట్టి లాగేవాడు. నాష్, లెబ్రాన్ ఇద్దరూ పాస్ ఇచ్చే జాతి. ఒకరన్నదానికి ఇంకొకరు తల ఊపడం ఎక్కువైంది. కెవిన్ డ్యూరాంట్ లాంటివాళ్లు అతిథులుగా వచ్చినప్పుడు కూడా ఎత్తుల పాఠం పక్కకెళ్లి జ్ఞాపకాలు ముందుకొస్తాయి. వినడానికి హాయిగానే ఉంటుంది గానీ, నోట్‌బుక్ తీయాల్సిన పని పడదు.

ఇంకో లోటు ఉంది, దాన్ని తప్పని అనలేను. ఇంకా ఆడుతున్న మనిషి రేపు ఎదురుపడాల్సిన ఆటగాడి గుట్టు చెప్పడు, తన టీము గొడవ అసలే చెప్పడు. 2025 ఫిబ్రవరిలో ఆంథనీ డేవిస్‌ని ఇచ్చి లూకా డాంచిచ్‌ని లేకర్స్ తెచ్చుకుంటే లోకమంతా నోరెళ్లబెట్టింది. అలాంటి వాటి లోపలి కథ కోసం ఇక్కడికొస్తే ఉత్త చేతులతో పోతారు. డ్రెస్సింగ్ రూమ్ ముచ్చట్లు కావాలంటే మ్యాట్ బార్న్స్, స్టీఫెన్ జాక్సన్‌ల ‘ఆల్ ద స్మోక్’ పెట్టుకోండి. ఇద్దరూ రిటైరైనవాళ్లు, మొహమాటం లేదు. నవ్వుకోవాలంటే న్యూయార్క్ నిక్స్ జంట జేలెన్ బ్రన్సన్, జాష్ హార్ట్‌ల ‘రూమ్మేట్స్ షో’ బాగుంటుంది, ఇద్దరూ కాలేజీ రోజులనుంచి ఒకర్నొకరు ఏడిపించుకుంటున్నవాళ్లే.

కొత్తగా మొదలెట్టేవాళ్లు రెడిక్ ఉన్న మొదటి సీజన్‌ని వరసలో చూడండి, ఏదీ దాటెయ్యకండి. నాష్ సీజన్‌లో అతిథులు లేని ఎపిసోడ్లు ఏరుకుంటే చాలు. హైస్కూల్ పిల్లలకి చూపించే మాస్టార్లు మొదటి సీజన్‌లో ఆ గ్లాసులు కనపడతాయని ముందే చూసుకోండి. మా వీధిలో ఒక తల్లి ఆటని వదిలేసి దాని గురించే నన్ను నిలదీసింది.